జాన్స్ దీవి రాత్రిబడి – ఉద్దానపు వ్రేలిముద్ర

(టెక్కలిలో వయోజన విద్యాసేవకుల సభయందు చేసిన ఉపన్యాసము)



చదువునకును ప్రజాస్వామ్యమునకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ సభవారు మమ్ము కోరియున్నారు. ఇట్టి విషయమును చేపట్టిన వక్తలు ఏథెన్సు నగరముతో నారంభించి, రూసో మహాశయుని మీదుగా నడచి, సభికులు ఆవులించు వేళకు స్వదేశమును చేరుకొనుట వాడుక. మేమంత దూరము త్రిప్పము. సముద్రపుటొడ్డున నున్న యొక దీవికి మిమ్ము గొనిపోయి, అచ్చటినుండి తిన్నగా మన ఉద్దానమునకు తీసికొనివచ్చెదము.

ఆ దీవి పేరు జాన్స్ దీవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ కరొలైనాలో, చార్లెస్టన్ నగరమునకు చేరువను గలదు. బానిసలుగా తేబడిన ఆఫ్రికా జనుల సంతతివారు అచ్చట పొలములలో కూలిచేసి బ్రతుకుచుండిరి. వంతెనలు లేని కాలమున పడవమీదనే రాకపోకలు. వారి మాటకు గల్లా యని పేరు. ఇంగ్లీషున ఆఫ్రికా భాషల పలుకుబడి కలసిపోగా పుట్టిన నుడి. పట్నవాసులు దానిని విని నవ్వెడివారు. మన కవిటి, సోంపేట, మందస ప్రాంతముల వారు నోరు విప్పగానే కృష్ణకు ఆవలివారు కొందరు ముసిముసి నవ్వులు నవ్వుట మీరెరుగనిది కాదు గదా!

1916వ సంవత్సరమున ఆ దీవికి పదునెనిమిదేండ్ల నల్లజాతి బాలిక యొకతె ఉపాధ్యాయినిగా వచ్చెను. ఆమె పేరు సెప్టిమా పాయింసెట్. వివాహానంతరము సెప్టిమా క్లార్క్ అయినది. తండ్రి బానిసగా పుట్టినవాడు. తల్లి బట్టలుతికి కుటుంబము నీడ్చినది. ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందియు స్వంత పట్టణము విడిచి దీవికేల రావలసివచ్చినది? చార్లెస్టన్ నగరమున నల్లబిడ్డల ప్రభుత్వ పాఠశాలలలో నల్ల ఉపాధ్యాయులకు ఉద్యోగము లేదు. నల్లబిడ్డలకు సయితము తెల్లవారే చదువు చెప్పవలెనట! కనుక పల్లె కామెకు ప్రవాసము. అచ్చట 132 మంది పిల్లలకు ఇద్దరు పంతులమ్మలు. ప్రధానోపాధ్యాయిని బాధ్యత కూడ మోయుచున్న ఆమెకు నెలకు 35 డాలర్లు. త్రోవ కావలిప్రక్కను తెల్లవారి బడి. పిల్లలు ముగ్గురు, పంతులమ్మ జీతము 85 డాలర్లు. ఈ లెక్కకు వ్యాఖ్య యవసరము లేదు. ప్లీడరు వృత్తిలోనున్న మాకు ఇంతకంటె స్పష్టమైన దస్తావేజు అరుదుగా దొరకును.

ఆమె మొదటి పోరాటము పంతులమ్మల కొరకే జరిగినది. 1919లో చార్లెస్టన్‌లో ఇంటింటికి తిరిగి సంతకములు ప్రోవుచేసినవారిలో ఆమె యొకతె. మరుసటి సంవత్సరమే నల్ల ఉపాధ్యాయులకు నగర పాఠశాలల ద్వారములు తెరువబడినవి. తరువాత కొలంబియా నగరమున పనిచేయు దినములలో, నల్ల ఉపాధ్యాయులకు సమాన జీతము కోరిన వ్యాజ్యమునకు ఆమె తోడు నిలిచెను. ఆ వ్యాజ్యమును నడపిన న్యాయవాది, పిమ్మట ఆ దేశపు సుప్రీం కోర్టు న్యాయమూర్తి యైన తర్‌గుడ్ మార్షల్ మహాశయుడు. 1945లో గెలుపు కలిగినది. అంతవరకు కథ సుఖముగనే నడచినది.

1954లో బడులలో జాతిభేదము చెల్లదని సుప్రీం కోర్టు తీర్పుచెప్పినది. ఆ తీర్పునకు కోపించిన దక్షిణ కరొలైనా శాసనసభ 1956లో ఒక చట్టము చేసెను. నల్లజాతి హక్కులకై పనిచేయు జాతీయ సంఘమున సభ్యత్వము గల వారెవ్వరును ప్రభుత్వోద్యోగమున నుండరాదు. ఎందరో సభ్యత్వమును దాచిరి. ఆమె దాచలేదు. నలువదేండ్ల ఉద్యోగము పోయినది, పింఛను పోయినది. తోడి ఉపాధ్యాయులకు ఆమె ఏడువందలకు పైగా ఉత్తరములు వ్రాసెను, ఈ చట్టము నెదిరించుదము రండని. ఇరువదియారుగురు బదులు వ్రాసిరి. ఆ మిగిలినవారిని మేము నిందింపము. వారికి బిడ్డలుండిరి, అద్దె యిండ్లుండిరి. ఐనను ఈ సంఖ్యను మీరు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఇక ఓటు మాట. ఆ రాష్ట్రమున 1895 నాటి రాజ్యాంగము ప్రకారము, ఓటరుగ నమోదు కావలెనన్న రాజ్యాంగములోని యొక భాగమును చదివి వ్రాయవలెను. లేదా 300 డాలర్ల విలువగల ఆస్తిని చూపవలెను. చూచుటకు నిష్పక్షపాతమైన నిబంధన! చదువురానివాడు రాజ్య వ్యవహారము నెట్లు తీర్చునని పెద్దమనుష్యులు ప్రశ్నింతురు. కాని ఆ చదువును శతాబ్దములపాటు నిషేధించిన వారెవరు? బానిసకు అక్షరము నేర్పుట నేరమని శాసించిన దేశమే, ఆ బానిస మనుమనిని అక్షరము రాదని ఓటు పెట్టెయొద్దనుండి త్రోసివేసెను. చదువు లేకుండ చేయుట మొదటి యెత్తు. చదువు లేదను నెపమున హక్కు తీసివేయుట రెండవ యెత్తు.

జాన్స్ దీవిలో ఈసౌ జెంకిన్స్ అను రైతు, వ్యాపారి, ఒక బస్సును నడపుచుండెను. దీవినుండి చార్లెస్టన్‌కు కూలికి పోవువారు ఆ బస్సెక్కెడివారు. దారిపొడవునను అతడు వారికి రాజ్యాంగ భాగమును వల్లెవేయించుచుండెను. ఆలిస్ వైన్ అను శ్రామికురాలు అక్షరమైనను రానిదయ్యు, మొత్తము భాగమును కంఠస్థము చేసి, అధికారి యెదుట అప్పగించి ఓటరైనది. కాని ఆమెకు తృప్తి కలుగలేదు. నాకు నిజముగ చదువుట నేర్పుమని జెంకిన్స్‌ను పట్టుకొనెను. ఆయన క్లార్క్ అమ్మ యొద్దకు పోయెను. అప్పటికామె ఉద్యోగము కోల్పోయి, టెన్నెసీ కొండలలోని హైలాండర్ జానపద పాఠశాలలో చేరియుండెను. నల్లవారును తెల్లవారును ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజించు బడి యది. 1955 వేసవిలో రోజా పార్క్స్ అచ్చటి సభకు వచ్చి క్లార్క్ అమ్మ చెంత శిక్షణ పొందిన కొలది నెలలకే మాంట్‌గొమరీ బస్సులో తన స్థానమునుండి లేవ నిరాకరించెను.

1957 జనవరిలో జాన్స్ దీవిలో మొదటి పౌరసత్వ పాఠశాల తెరువబడినది. ఎచ్చట? ఒక సహకార దుకాణము వెనుక గదిలో. ముందు సరకులు; వెనుక చదువు. త్రోవను పోవు తెల్లవారికి దుకాణము తప్ప మరేమియు కనబడరాదు. పంతులమ్మ యెవరు? ఇచ్చటనే క్లార్క్ అమ్మ బుద్ధి విశేషము మాకు కనబడుచున్నది. ఆమె యెన్నుకొనినది శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు. చార్లెస్టన్‌లో స్త్రీల జుట్టు దువ్వి తీర్చు దుకాణము పెట్టుకొని, బట్టలు కుట్టుచుండిన తన బంధువు బెర్నీస్ రాబిన్సన్. ఎందుకన, ఉద్యోగినియైన పంతులమ్మను సర్కారు తొలగింపగలదు. ఆ ఇరువదియారు ఉత్తరముల కథ ఆమె మరువలేదు. నల్లజాతి స్త్రీలే గిరాకీగా గల ఆ దుకాణము యజమానురాలి నెవరు తొలగింతురు? పైగా, శిక్షణ పొందినవారు పెద్దలను పిల్లలవలె కూర్చుండబెట్టి అదలింతురను భయము కూడ కలదు. మొదటి రాత్రి పదునలుగురు వచ్చిరి. తాను పంతులమ్మను కాననియు, అందరమును కలసి నేర్చుకొందమనియు రాబిన్సన్ చెప్పినది. ఏమి నేర్చుకొనవలెనని మీ కోరిక యని వారినే అడిగినది.

వారేమి కోరిరో వినుడు. తమ పేరు వ్రాసుకొనుట. మనియార్డరు ఫారము నింపుట. సరకుల చీటి చదువుట. వేదగ్రంథమును స్వయముగ పఠించుట. ఆ తరువాత ఓటరు దరఖాస్తు. అవియే పాఠ్యగ్రంథములైనవి. గోడపై ఐక్యరాజ్యసమితివారి మానవహక్కుల ప్రకటన అతికింపబడినది. మూడు నెలలకు ప్రతివారును దీనిని చదువవలెనని రాబిన్సన్ కోరిక. పుస్తకములు లేని దినములలో క్లార్క్ అమ్మ కాగితపు సంచులపై దీవివారి కథలను, వారి నుడికారముననే వ్రాసి చదివించినది. గల్లా మాటను చూచి ఆమె నవ్వలేదు. బల్లపై వ్రాసిన పదుల పేర్లలో తన పేరును వెదకి పట్టుకొనిన వృద్ధ స్త్రీ సంతోషమును ఆమె జీవితాంతము స్మరించుచుండెను.

ఆ బడి రాష్ట్రములు దాటి వ్యాపించినది. 1959లో పోలీసులు హైలాండర్‌పై దాడిచేసి, మద్యము నిలువయుంచెనను నెపముతో, మద్యమే ముట్టని ఆ తల్లిని నిర్బంధించిరి. తుదకు ఆ బడి అనుమతిపత్రమునే రద్దుచేసిరి. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ మహాశయుని సంస్థ ఆ కార్యక్రమమును స్వీకరించెను. 1957 మొదలు 1970 వరకు నడచిన పౌరసత్వ పాఠశాలలు 897. 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టము వచ్చినది. ఆ చట్టమునకు ముందు బాటపై కవాతు చేసినవారి ఛాయాచిత్రములు లోకమంతట ప్రసిద్ధములు. దుకాణపు వెనుక గదిలో పలక పట్టిన చేతులకు ఛాయాచిత్రములు తక్కువ. ఆ సంస్థ పెద్దలు సయితము ఆడుదాని మాటకు సమితిలో విలువ యిచ్చుట యరుదని క్లార్క్ అమ్మ తరువాత నిర్మొగమాటముగ చెప్పినది. స్వాతంత్ర్యమును గూర్చి ఉద్బోధించు నాయకులకు ఇంటి స్వాతంత్ర్యము తట్టకపోవుట ఆ దేశమునకే ప్రత్యేకమైన లోపము కాదని ఇచ్చటి సోదరీమణులు ఎరుగుదురు. 1975లో ఆమె చార్లెస్టన్ జిల్లా విద్యామండలికి ఎన్నికైనది. మరుసటి యేట ఆ రాష్ట్రపు గవర్నరు, ఆమెను తొలగించుట అన్యాయమని యొప్పుకొని పింఛను పునరుద్ధరించెను. 1987 డిసెంబరులో ఆమె జాన్స్ దీవిలోనే కన్నుమూసెను.

ఇక మన దేశము. తెల్లదొరల పాలనలో 1935 చట్టము క్రింద ఓటు ఆస్తిపరులకును, పన్ను కట్టువారికిని, చదువుకొన్నవారికిని మాత్రమే. జాన్స్ దీవిలోని గోడయే ఇచ్చటను. మన రాజ్యాంగకర్తలు ఆ గోడను ఒక్క దెబ్బతో కూల్చిరి. 1951 జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మంది. స్త్రీలలో తొమ్మిదిమందికిని లోపే. అట్టి దేశమున 21 ఏండ్లు నిండిన ప్రతివారికి ఓటు! లోకము నవ్వినది. మనవారు ఎద్దులను, గుడిసెలను, చెట్లను గుర్తులుగ వేసి ఎన్నిక జరిపించిరి. ఈ సాహసమునకు మేము ఎన్నిసార్లయినను నమస్కరింతుము.

ఐనను ఆ మొదటి యెన్నికలోనే ఒక వింత జరిగినది. ఓటర్ల పట్టిక వ్రాయువారు ఉత్తర రాష్ట్రములలో ఇంటింటికి పోగా, స్త్రీలనేకులు తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యనియే వ్రాయించుకొనిరి. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ అట్టి పేరులేని పేర్లను పట్టికనుండి తొలగించుడనెను. సుమారు 28 లక్షలమంది స్త్రీలు ఆ విధముగ మొదటి ఓటును కోల్పోయిరి. కొందరాయనను కఠినుడందురు. తరువాతి యెన్నికలకు పెక్కుమంది స్త్రీలు తమ స్వంత పేర్లతో పట్టిక కెక్కిరి గాన, ఆయన చేసినది సరియేనని మా అభిప్రాయము. దీవిలో మొదటి పాఠము పేరు వ్రాయుట; ఇచ్చట అంతకంటె ముందరి పాఠము, నాకొక పేరు కలదని చెప్పుట.

గోడ కూలినది కాని బడి లేవలేదు. పదేండ్లలో పదునాలుగేండ్లలోపు బిడ్డలందరికి చదువు నీయ ప్రయత్నింపవలెనని 45వ అధికరణము 1950లో చెప్పినది. అది హక్కుగ రాజ్యాంగమున కెక్కుటకు 2002 వరకు, చట్టమై అమలునకు వచ్చుటకు 2010 వరకు పట్టినది. ఈ యరువదేండ్లలో ఎన్ని బొటనవ్రేళ్లకు సిరా అంటినదో లెక్కింపుడు!

క్లార్క్ అమ్మకు సాటియైనవారు మన తెలుగునాట లేరా యని మీరడుగవచ్చును. దుర్గాబాయమ్మ పేరు అందరి నోటను కలదు. రాజమహేంద్రవరమున 1909లో పుట్టి, కాకినాడలో తాను బాలికగ నున్నప్పుడే బాలికలకు హిందీ పాఠశాల పెట్టి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగి, న్యాయశాస్త్రము చదివి రాజ్యాంగ సభలో కూర్చుండిన ఆ మహనీయురాలిని గూర్చి వేరొక సభయే కావలెను. మేమిప్పుడు తలంచుకొనదలచినది అంత ప్రసిద్ధికెక్కని మరొక తల్లిని. జాతివివక్షకు సాటివచ్చునది మన దేశమున కులవివక్ష. ఆ బాధను అనుభవించిన దళిత స్త్రీ ఉపాధ్యాయినియై, ఆ బడినుండి శాసనసభకు నడచిన కథ ఈశ్వరీబాయిది.

ఆమె 1918లో సికిందరాబాదు చిలకలగూడలో జన్మించినది. తండ్రి రైల్వే ఉద్యోగి. బాల్యముననే వివాహము, పిమ్మట బిడ్డతో పుట్టింటికి తిరిగివచ్చి, పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయినిగ పనిచేసి, తరువాత గీతా విద్యాలయమను బడిని తానే స్థాపించినది. పేదస్త్రీలకు చేతిపనులు నేర్పినది. అంబేద్కరు మహాశయుని మార్గమున నడచినది. నైజాము రాజ్యమున దళితులకు బడులు లేని కాలమున భాగ్యరెడ్డివర్మగారు హైదరాబాదులో ఆదిహిందూ పాఠశాలలు నెలకొల్పి త్రోవ వేసియుండిరి. ఆ నేలపైననే ఈమె నిలిచినది. మొదట పురపాలక సభ్యురాలై, 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫునను, 1972లో మరలను ఎల్లారెడ్డి స్థానమునుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైనది. చిన్నపార్టీ, అధికారము లేదు, ఐనను ఆమె లేచి నిలిచినపుడు మంత్రులు కాగితములు సర్దుకొనెడివారని ఆ కాలపువారి మాట. 1991లో మరణించినది. మన పాఠ్యపుస్తకములలో ఆమెకు ఎన్ని పుటలున్నవో ఇచ్చటి ఉపాధ్యాయులు చెప్పవలెను.

వ్యక్తుల మాట యటుండ, పౌరసత్వ పాఠశాల యనదగినది తెలుగుదేశమున ఒకటి నిజముగ జరిగినది. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. కూలినాలి చేసి వచ్చిన స్త్రీలు రాత్రులు దీపము చుట్టు కూర్చుండిరి. వాచకములో సారాయి వలన చెడిన కాపురము కథ యొకటి కలదు. చదివిన స్త్రీలు ఇది మన యింటి కథయే యనిరి. కలిగిరి మండలము దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలైన స్త్రీలు 1992లో ఊరిలోనికి సారాయి రానీయక నిలిపిరి. ఆ వార్త తరువాతి వాచకములో పాఠమైనది. ఆ పాఠమును చదివిన వేరొక ఊరి స్త్రీలు తమ ఊరి దుకాణమును మూయించిరి. దీనిలోని యంత్రమును చూడుడు: జీవితము పాఠమగుట, పాఠము కార్యమగుట, కార్యము మరల పాఠమగుట. సారాయి పాటలు పాడువారు లేక ఆగిపోయినవి. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ప్రభుత్వమువారు ఖజానా పేరు చెప్పి ఆ నిషేధమును సడలించిరి. ఆ నాటికి రాత్రిబడుల దీపములును ఆరిపోయియుండెను. ఈ రెంటికి సంబంధము లేదని మమ్ము నమ్మింపజూచువారు శ్రమపడవలసియుండును.

మన ఉద్దానమునకు వత్తము. కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు, ఉద్యానమే ఉద్దానమైనదందురు. ఈ ప్రాంతపు జనులకు హక్కుల నెరుగుటకై ఎవ్వరును వచ్చి నేర్పవలసిన పనిలేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాను మహాసభ జరిగినది. కొలది దినములకే మందస జమీందారీ అడవుల తగవులో గుడారి రాజమణిపురమున సాసుమాన గున్నమ్మ, గర్భవతిగ నుండియు, పోలీసు తుపాకికి ఎదురు నిలిచి ప్రాణమిచ్చెను. ఆమె ధైర్యము ఏ వాచకములోనిది? కావున చదువురానివారు వివేకహీనులను మాట మా నోట రాదు. రాబిన్సనమ్మ నోటను రాలేదు. ధైర్యము వారికి కలదు. కాగితము మాత్రము వేరొకరి చేతిలో నున్నది.

సోంపేట బీల సంగతియే చూడుడు. ఆ తంపర నేల నీరు నిలిచి, చేపలకును, పైరునకును, పశువులకును ఆధారమై యుండగా, విద్యుత్కేంద్రము కొరకు వ్రాసిన కాగితములలో అది పనికిరాని నేలగ కనబడినది! 2009లో బహిరంగ విచారణ జరిగినది. వందల పుటల నివేదిక ఇంగ్లీషులో, వినవలసినవారు తెలుగువారు, అందును పెక్కుమంది చదువురానివారు. ప్రజలు, వారి తరఫున చదివి చెప్పిన కొందరు విద్యావంతులు, వైద్యులు కలసి పోరాడిరి. 2010 జూలై 14వ తేదీన కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆ దినముననే ఢిల్లీలోని పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దుచేసినది. తీర్పు కాగితము ఒకనాడు ముందు చేరియున్నచో నేమగునో యని మేము తరచు తలపోయుదుము. మరుసటి యేడు ఫిబ్రవరిలో మన టెక్కలి చెంత కాకరాపల్లిలోను అట్టి కాల్పులే.

2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళము జిల్లా అక్షరాస్యత నూటికి సుమారు 62, స్త్రీలలో 52. అనగా చదువు నేర్వని స్త్రీ యింటింటికి కాకున్నను ఇల్లు విడిచి ఇంటికి కలదు. పలాస, కాశీబుగ్గ జీడి కర్మాగారములలో పిక్కల పొట్టు తీసి పప్పు నేరు చేతులు ఎక్కువగ స్త్రీలవే. ఎన్ని కిలోలు, ఏ దరము, ఎంత కోత యని చీటిపై వ్రాయువారు వేరొకరు. మత్స్యకారులు గుజరాతు తీరపు మరబోట్లకు వలసపోవునపుడు బయానా కాగితముపై వ్రేలిముద్ర వేయుదురు; 2018లో అట్లు పోయినవారు కొందరు సముద్రపు సరిహద్దు దాటిరని పాకిస్తానువారి చెరలో ఏడాదికిపైగ నుండిరి. వారి భార్యలు కార్యాలయముల చుట్టు దరఖాస్తులతో తిరిగిన తీరు మనము చూచినదే. మూత్రపిండముల వ్యాధితో ఊళ్లకు ఊళ్లు కుములుచుండగా, రక్తపరీక్ష చీటిలోని అంకె ఏమి చెప్పుచున్నదో రోగికి తెలియదు. పలాసలో 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రి తెరువబడినది, సంతోషము. ఆ చీటిని చదువు శక్తి మాత్రము ఆసుపత్రి యీయజాలదు.

న్యాయస్థానమున మేము ప్రతిదినము చూచు కాగితములలో సగము వ్రేలిముద్రలవే. "చదివి వినిపింపగ ఒప్పుకొని వేసిన నిశాని" అని క్రింద వ్రాసియుండును. చదివినదెవరో, వినిపించినదేమో ఆ వ్రేలికి తెలియును, కాగితమునకు తెలియదు.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. చదువును పొగడుచుండగ, ఆ చదువునే మరల గోడగ కట్టువారు బయలుదేరుదురు. 2015లో హర్యానా శాసనసభ, పంచాయతీ యెన్నికలలో పోటీ చేయవలెనన్న సామాన్యవర్గపు పురుషులు పదవ తరగతి, స్త్రీలును దళితులును ఎనిమిదవ తరగతి, వార్డు సభ్యత్వమునకు నిలుచు దళిత స్త్రీలు అయిదవ తరగతి ప్యాసు కావలెనని శాసించినది. ఆ డిసెంబరులో సుప్రీం కోర్టు రాజబాల వ్యాజ్యమున ఆ చట్టము చెల్లునని తీర్పుచెప్పినది. చదువే మంచిచెడ్డల వివేకమునిచ్చునను భావము ఆ తీర్పులో కలదు. న్యాయస్థానముపై గౌరవముతోనే మేము ఆ తీర్పుతో విభేదింతుము. బడి యీయని రాజ్యము బడి పత్రము నడుగుట దక్షిణ కరొలైనా తర్కము. గున్నమ్మ నేడు జీవించియున్నచో ఆ చట్టము క్రింద వార్డు సభ్యత్వమునకైన తగునా యని అడిగి చూడుడు.

అట్లే, 2022లో మన రాష్ట్రమున 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినపుడు, దూరము కిలోమీటరే గదా యనిరి. ఆ కిలోమీటరులో జాతీయ రహదారి యుండవచ్చును, గెడ్డ యుండవచ్చును. పటముపై గీత గీచిన చేయి ఎనిమిదేండ్ల పిల్ల చేయి పట్టుకొని నడచినది కాదు. ఆ ఉత్తర్వు తరువాత ఉపసంహరింపబడినది. ఊరి తలిదండ్రులు, ఉపాధ్యాయులు చేసిన గొడవ వృథా కాలేదు.

మనము తెరువబోవు రాత్రిబడులను గూర్చి రెండు మూడు మాటలు. పంతుళ్లుగ ఎవరినెన్నుకొనవలెనని కొందరడుగుచున్నారు. పట్టముల జాబితా మాకు చూపవలదు. ఊరిలో తలవంచక బ్రదుకగల స్త్రీని చూపుడు; టైలరు కానిండు, కిరాణా నడపునది కానిండు, జీడి కర్మాగారమున పదియేండ్లు పనిచేసి చీటి చదువుట తానుగ నేర్చుకొనినది కానిండు. పాఠ్యగ్రంథము ఏదన, బియ్యపు కార్డు, పట్టాదారు పుస్తకము, ఉపాధి పనుల మస్టరు, ఆసుపత్రి చీటి, గ్రామసభ నోటీసు. భాష ఏదన, ఇచ్చటివారి భాష. ఈ మాట గ్రాంథికమున చెప్పుచున్నారే యని మీరు నవ్వుట మాకు వినబడుచున్నది. మా చిన్ననాటి పండితుల పెంపకమది. దీనిని మాకే విడిచిపెట్టుడు. మనకు చేరువ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండమీది సవరల భాషను నేర్చి, వారికి వారి నుడిలోనే చదువు చెప్పించిరి. వారి వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. జనుల నోటి మాటయే పుస్తకమున నుండవలెనని ఆయన తెలుగుదేశమంతటితో పోరాడెను. కాగితపు సంచులపై గల్లా కథలు వ్రాసిన ఆ తల్లికిని, సవర మాటలు వ్రాసికొన్న ఈ పంతులుగారికిని ఒకరినొకరు తెలియదు. పని మాత్రము ఒక్కటే.

ఖర్చు సంగతి కార్యదర్శిగారు చెప్పెదరు. పలాసకు రెండు, వజ్రపుకొత్తూరు తీరమునకు మూడు, టెక్కలికి రెండు బడులతో ప్రారంభింపవలెనని ఆలోచన. పలకలు వచ్చియున్నవి. ఈ ద్వారముకడ బల్లపై ఒక పుస్తకమున్నది. బోధింపగోరువారును చదువగోరువారును పోవునపుడు అందు తమ పేరు వ్రాయవలెను. వ్రాయరానివారు ప్రక్కవారిచే వ్రాయింపవలదు, సిరాబిళ్ల అచ్చట పెట్టలేదు. మీ పేరును పైకి చెప్పి ఒక్క క్షణము నిలువుడు. అచ్చటనున్న అమ్మాయి దానిని పలకపై వ్రాసి మీ చేతికిచ్చును. ఆ పలకను ఇంటికి తీసికొనిపోయి, సోమవారము రాత్రి తిరిగి తీసికొనిరండు.